గుమ్మంలోంచి పలకరింపు

సోమవారం పొద్దున వదిన ఎప్పట్లాగే ఆరింటికి లేచింది. స్నానం చేసి, తల దువ్వుకుని, నర్సు యూనిఫారం ఇస్త్రీ చేసుకుంది. చేసి, హ్యాంగరుకి తగిలించి, మళ్లీ బీరువాలో పెట్టేసింది. పదకొండేళ్ల అలవాటు మరి. సస్పెండ్ చేశారన్న సంగతి మనిషికి తెలుసు గానీ చేతులకి తెలియదు కదా.

ఆసుపత్రి వాళ్లిచ్చిన కాగితం డైనింగ్ టేబుల్ మీద నీళ్ల సీసా కింద ఉంది. గురువారం పదకొండింటికి విచారణ. పద్నాలుగో పడక పేషెంటు రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరిగిందని ల్యాబు నుంచి పొద్దున పది నలభైకి వార్డు ఫోనుకి అర్జెంటు మెసేజీ వచ్చిందట. డ్యూటీ నర్సు దాన్ని చూసుకోలేదట. పేషెంటు ఒంటిగంటకి గుండె ఆగి చనిపోయింది. దీనికి నర్సు రిజిస్ట్రేషన్ ఎందుకు రద్దు చేయించకూడదో చెప్పుకోవాలి. రిజిస్ట్రేషన్ పోయిందంటే ఈ ఆసుపత్రిలోనే కాదు, ఇంకెక్కడా సూది పట్టుకోనివ్వరు.

మెసేజీ రాలేదని వదిన ఆ రోజునుంచీ చెబుతూనే ఉంది. వచ్చింది ఒకటి ఇరవై రెండుకి. పద్నాలుగో పడక పెద్దమ్మ ముఖం మీదికి దుప్పటి లాగుతుంటే జేబులో ఫోను మోగింది. తీసి చూస్తే, ల్యాబు రిపోర్టు, పక్కన టైము పది నలభై. ఆ పెద్దమ్మ కుట్టుపని చేసుకునే మనిషి. ఆసుపత్రికి కూడా సూదీ దారం తెచ్చుకుంది. అంతకు ముందు రోజే వదిన యూనిఫారం చేతి అంచు ఊడితే మంచం మీద కూర్చుని కుట్టిపెట్టింది. ఇందాక ఇస్త్రీ పెట్టె ఆ కుట్టు మీదికి రాగానే వదిన చెయ్యి కాసేపు ఆగింది.

ఎదురుగా కూర్చుని టీ చల్లార్చుకుంటున్నది ఆడపడుచు. ఇంట్లో అమ్మడు, ఆఫీసులో చీటీలమ్మ. పెళ్లి పెటాకులై మూడేళ్లుగా అన్నయ్య ఇంట్లోనే ఉంటోంది. ఆసుపత్రికి సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే కంపెనీలో మనుషుల్ని తీసుకుంటున్నారని కూపీ లాగి, దరఖాస్తు పెట్టించి, ఇంటర్వ్యూ రోజున తన చేతి వాచీ తీసి ఈమె చేతికి పెట్టి పంపింది ఈ వదినే. వార్డు ఫోనుకి మెసేజీలు పంపేది ఆ కంపెనీ సాఫ్ట్‌వేరే.

"మీ మెషీను అబద్ధం చెప్పదంటున్నారు అమ్మడూ," అంది వదిన, కప్పు కడుగుతూ. "రాత్రంతా అదే ఆలోచించాను. ఫోను జేబులోనే ఉంది. ఒకవేళ మోగిందేమో, నాకే వినపడలేదేమో. ఎవరికో డ్రిప్ పెడుతూ పట్టించుకోలేదేమో. మనిషన్నాక అవుతుంది కదా."

అలా కాదని చీటీలమ్మ గట్టిగా చెప్పబోయింది. చెప్పడానికి చేతిలో ఏమీ లేదు. ఆఫీసులో చూసి కనుక్కుంటానని మాత్రం అంది.

*

ఆఫీసు మూడో అంతస్తు. లిఫ్టు దిగగానే ఎదురు గోడకి పెద్ద తెర, దాని మీద పద్దెనిమిది దీపాలు. పచ్చగా ఉంటే పని నడుస్తున్నట్టు, ఎర్రబడితే ఆగినట్టు.

ఒకప్పుడు ఆసుపత్రి పనంతా ఒకే పెద్ద ప్రోగ్రాము చేసేది. అది జబ్బు పడితే ఆసుపత్రి మొత్తం పడకేసేది. అందుకని దాన్ని పద్దెనిమిది ముక్కలు చేశారు. మైక్రోసర్వీసులని వాటికి పెద్ద పేరు. ఈ గదిలో మాత్రం వాటికి ఇంటిపేర్లున్నాయి. రిపోర్టులు రాసిపెట్టేది గుమాస్తా. లాగిన్లు చూసేది కాపలా. మెసేజీలు చేరవేసేది పోస్ట్‌మాన్. వీటన్నిటి మీదా పెత్తనం చేసే రన్‌టైమ్ ఒకటుంది, దాని పేరు మేస్త్రీ. ఎవర్ని ముందు లేపాలి, ఎవరికెంత మెమరీ ఇవ్వాలి, ఎవడు కూలబడితే ఎన్నిసార్లు లేపి నిలబెట్టాలి, అన్నీ మేస్త్రీయే చూసుకుంటాడు. కాకపోతే వాడికి సొంత బుర్ర లేదు. ఫైల్లో ఏం రాసిపెడితే అదే చేస్తాడు. అందరూ చీటీలు అనే ఆ ఫైళ్లు రాయడమే చీటీలమ్మ ఉద్యోగం. పేరు అలాగే వచ్చింది.

మేస్త్రీ చేసే పనుల్లో ముఖ్యమైనది పలకరింపు. పది సెకన్లకోసారి ఒక్కొక్కణ్ణీ ఉన్నావా అని అడుగుతాడు. జవాబు రాకపోతే వాణ్ణి ఆపేసి మళ్లీ లేపుతాడు. ఈ పలకరింపు రెండు రకాలుగా రాసుకోవచ్చు. గుమ్మంలోంచి కేకేసి ఊరుకోమనొచ్చు. లేదా లోపలికి వెళ్లి పని నిజంగా జరుగుతోందో లేదో చూసి రమ్మనొచ్చు.

సీట్లో కూర్చోకముందే మేనేజరు వచ్చాడు. విచారణ కమిటీకి కంపెనీ తరపున ఒక రిపోర్టు పంపాలనీ, ఆ రోజు పదింటినుంచి ఒంటిగంటన్నర దాకా పోస్ట్‌మాన్ దీపం గ్రాఫు తీసి పెట్టమనీ చెప్పాడు. మనవైపు అంతా పచ్చగా ఉందట, తను ముందే చూశాడట. ఆ నర్సు ఈమె వదిన అని అతనికి తెలుసు. తెలిసే ఈమెకి చెప్పాడు. తర్వాత ఎవరూ వేలెత్తి చూపకుండా ఉంటుందని.

చీటీలమ్మ గ్రాఫు తీసింది. నిజంగానే పచ్చ. మూడున్నర గంటలపాటు ఒక్క గీటు లేకుండా, అద్దినట్టు పచ్చ.

ముందు నీరసం వచ్చింది. అంటే వదినే చూసుకోలేదన్నమాట. తర్వాత ఇంకోసారి చూసింది. ఏదో తేడాగా ఉంది. పోస్ట్‌మాన్ అంత ఆరోగ్యవంతుడు కాడు. మెసేజీలు అందుకుని ఫోన్లకి పంపే ఫోను కంపెనీ ద్వారం, గేట్‌వే, నెమ్మదించినప్పుడల్లా రోజుకి రెండుసార్లైనా ఎర్రబడి, అర నిమిషంలో లేచి నిలబడేవాడు. అలాంటివాడు మూడున్నర గంటలు తుమ్మకుండా దగ్గకుండా ఎలా ఉన్నాడు? నిన్నటి గ్రాఫు తీసింది. పచ్చ. మొన్నటిది పచ్చ. వారం, రెండు వారాలు, మూడు వారాలు వెనక్కి పోయింది. ఇరవై మూడు రోజుల కిందట ఆఖరి ఎర్ర గీత కనిపించింది.

ఆ గీత తర్వాత ఏం జరిగిందో ఫైలు తెరవకముందే గుర్తొచ్చింది.

ఆ రోజు ఆసుపత్రి ట్రస్టీలు ఆఫీసు చూడ్డానికి వస్తున్నారు. మేనేజరు ఆమె కుర్చీ వెనక నిలబడి, ఏం చేస్తావో నాకు తెలీదు, వాళ్లున్నంతసేపు గోడ మీద ఎర్ర లైటు కనబడకూడదు అన్నాడు. సరిగ్గా చెయ్యాలంటే పోస్ట్‌మాన్‌కి ఇంకొకణ్ణి తోడు పెట్టాలి, జవాబుకి గడువు పెంచాలి, వారం రోజులు పరీక్షించాలి. అంత టైము లేదు. పోస్ట్‌మాన్ పలకరింపు ఫోను కంపెనీ దాకా వెళ్లి ఒక ఉత్తుత్తి మెసేజీ పంపి, రసీదు తెచ్చుకునేలా ఉండేది. ఆమె దాన్ని తీసేసి, గుమ్మంలోంచి కేకలా మార్చింది. ఒకే ఒక్క లైను. పక్కనే 'రెండు రోజులకే' అని నోటు కూడా రాసుకుంది. ట్రస్టీలు వచ్చారు, పచ్చదీపాల ముందు ఫొటోలు దిగారు, వెళ్లారు. ఆమె ఆ లైను సంగతి మర్చిపోయింది. ఎర్రబడితే గుర్తొచ్చేది. ఎర్రబడకుండా చేసిందే తను కదా.

పెద్దమ్మ పోయిన రోజు లాగ్ ఫైళ్లు, సర్వర్లు నిమిషం నిమిషం రాసుకునే చిట్టా, తెరిచింది. పది ముప్పై ఆరుకి గేట్‌వేతో లైను బిగుసుకుపోయింది. పాత పలకరింపే ఉంటే మేస్త్రీ అర నిమిషంలో పోస్ట్‌మాన్ని లేపి కూర్చోబెట్టేవాడు. మెసేజీ పది నలభైకే వెళ్లేది. కొత్త చీటీ ప్రకారం మేస్త్రీ పది సెకన్లకోసారి ఉన్నావా అన్నాడు, పోస్ట్‌మాన్ ఉన్నా అన్నాడు. రెండు గంటల నలభై ఆరు నిమిషాలు ఇద్దరూ అదే మాట. లోపల అరవై మూడు మెసేజీలు పేరుకుపోయాయి, అందులో అర్జెంటుది ఆ ఒక్కటే కాబట్టి మిగతావాటి ఆలస్యం ఎవరూ పట్టించుకోలేదు. ఒకటి ఇరవై రెండుకి వేరే పని మీద ఫోను కంపెనీ వాళ్లు గేట్‌వే ఆపి లేపితే అన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. గుమాస్తా మాత్రం పోస్ట్‌మాన్ చేతికివ్వగానే 'పంపబడింది, 10.40' అని రాసేసుకుంది. వార్డు ఫోన్లో కనిపించేది ఆ టైమే.

చీటీలమ్మ లేచి బాత్రూముకి వెళ్లి కుళాయి తిప్పి, ముఖం కడుక్కోవడం కూడా మర్చిపోయి నీళ్లు పోతుంటే చూస్తూ నిలబడింది. పద్నాలుగో పడకని చంపింది వదిన కాదు. నేనే అని లోపల అనుకుంది. ఆ మాటకి అడ్డం వచ్చే ఆలోచన ఒక్కటి కూడా దొరకలేదు.

*

మంగళవారం మేనేజరుకి చెప్పింది. అతను తలుపు వేసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, అంతా ఓపిగ్గా విన్నాడు. ట్రస్టీల రోజున తను అన్న మాట గుర్తుచేస్తే, ఎర్ర లైటు కనబడకూడదంటే రిపేరు చెయ్యమని గానీ దీపానికి పచ్చరంగు పుయ్యమని నేనన్నానా అన్నాడు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. నోటిమాటకి సాక్ష్యమూ లేదు.

తర్వాత అతను ఆ మార్పు రికార్డు తెరిచి ఆమె వైపు తిప్పాడు. మార్పు చేసినవారు అన్నచోట ఆమె పేరు లేదు. ఆఫీసులో అందరికంటే వయసులో పెద్ద ఉద్యోగి, పెద్దాయన పేరుంది.

ఈ ఆఫీసులో అదొక పద్ధతి. అసలు సర్వర్ల మీద చీటీ మార్చే అధికారం ఒక్క పెద్దాయన లాగిన్‌కే ఉంది. మిగతావాళ్లకి అధికారం కోసం పెట్టిన దరఖాస్తులు నాలుగు నెలలుగా ఎవరి టేబుల్ మీదో నిద్రపోతున్నాయి. పని ఆగకూడదు కదా. అందుకని పెద్దాయన తన పాస్‌వర్డు ఒక కాగితమ్ముక్క మీద రాసి కీబోర్డు కింద పెట్టాడు. అందరూ ఆయన సీట్లో కూర్చుని, ఆయన పేరుతో పని చేసుకుని లేచిపోతారు. మేనేజరుకి తెలియకేం, ఆ సలహా ఇచ్చిందే అతను.

"నువ్వేమీ చెయ్యలేదమ్మా," అన్నాడు మేనేజరు మెత్తగా. "రికార్డు చూడు. నువ్వెక్కడున్నావు ఇందులో? నెలాఖరుకి నిన్ను పర్మనెంటు చేస్తున్నాం. ఇంటి గొడవ ఇంట్లో పెట్టుకో."

ఆమె బయటికొచ్చింది. రికార్డు తీసుకెళ్లి కమిటీ ముందు పెడితే వదిన బయటపడుతుంది, పెద్దాయన ఇరుక్కుంటాడు. పెట్టకపోతే వదిన పోతుంది. ఇద్దరూ మిగలాలంటే నేనే చేశానని చెప్పాలి. ఉద్యోగం పోతే పోయింది, దానికంత భయం లేదని తనకి తనే చెప్పుకుంది. అది సగం అబద్ధం. ఆ ఉద్యోగం వచ్చాకే ఆమె అన్నయ్య ఇంట్లో తలెత్తుకుని అన్నం తినగలిగింది. కానీ అసలు భయం అది కూడా కాదు. ఆ దుప్పటి లాగిన మనిషికి, ఆమె చేత లాగించింది నేనే అని చెప్పాలి. ఆ మాట ఏ నోటితో చెప్పడం?

సాయంత్రం ఇంట్లో వదిన సంజాయిషీ రాసుకుంటోంది. స్కూలు పిల్లలా మార్జిను గీసుకుని మరీ. ఫోను మోగలేదు అని రాసి, కొట్టేసి, ఫోను మోగినట్టు నాకు గుర్తులేదు అని రాసింది. చీటీలమ్మ భుజం మీంచి చూసింది. ఏమైనా తెలిసిందా అని వదిన అడిగితే, ఇంకా చూస్తున్నా అంది. అన్నయ్య టీవీ సౌండు తగ్గించి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, మళ్లీ పెంచుకున్నాడు.

*

బుధవారం మధ్యాహ్నం పెద్దాయన టీ తాగుతుంటే వెళ్లి పక్కన కూర్చుంది. ఆయనకి రెండు వేళ్లతోనే టైపు చెయ్యడం వచ్చు. షుగరు కళ్లకెక్కి, తెర మీద అక్షరాలు గోడమీది పోస్టరంత పెట్టుకుంటాడు. ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. ఆ కళ్లతో బయట ఎవరూ ఇంకో ఉద్యోగం ఇవ్వరని ఆయనే నవ్వుతూ చెబుతుంటాడు.

ఆమె మొదట్నుంచీ చెప్పింది. ఆయన మధ్యలో ఒక్క మాట అడగలేదు. అంతా అయ్యాక, చీటీ మార్చిన రోజు తేదీ ఏమిటో మళ్లీ చెప్పమన్నాడు. చెబితే వేళ్లమీద లెక్కపెట్టుకుని, ఆ రోజు తను కంట్లో ఇంజెక్షను చేయించుకోడానికి వెళ్లాననీ, సెలవు రాయకుండా పొద్దున సంతకం పెట్టి జారుకున్నాననీ అన్నాడు. అంటే ఆయన లేడని చూపించే కాగితం ఎక్కడా లేదు. ఉన్నాడని చూపించే కాగితం ఉంది.

"రేపు నేనే చెబుతాను సార్, చేసింది నేనని," అంది చీటీలమ్మ.

"చెబుతావు. రికార్డులో నా పేరుంది. ఎవరి మాట నమ్ముతారు?"

ఆయన ఇంకో గుక్క టీ తాగాడు.

"పాస్‌వర్డు నలుగురికీ పంచానని నేనొప్పుకుంటే నా ఉద్యోగం ఆ నిమిషమే పోతుంది. ఆ మార్పు చేసింది నేనే అన్నా పోతుంది. ఎటు తిరిగినా నాదే." ఆయన కప్పు కింద పెట్టబోయి టేబుల్ అంచు కనపడక, చేత్తో తడిమి పెట్టాడు. "నాకింకా ఏడాది ఉందమ్మా," అన్నాడు. ఆయన ఆమె వైపు తిరగలేదు.

ఆయన మీద కోపం రాలేదు. రావడానికి తనకి మొహం లేదు. సీటుకి తిరిగొచ్చి, ఆ సాయంత్రమంతా టెస్టు మెషీన్ల మీద పద్దెనిమిది సర్వీసుల్నీ మళ్లీ కట్టుకుంటూ కూర్చుంది. పెద్దమ్మ పోయిన రోజునాటి చీటీలు, అదే గుమ్మంలోంచి పలకరింపు, అదే గేట్‌వే. ఎవరి మాటా నమ్మకపోతే పోనీ, కళ్లతో చూస్తే నమ్మరా అనుకుంది.

*

విచారణ ఆసుపత్రి రెండో అంతస్తులో, కిటికీలు తెరుచుకోని ఒక మీటింగు గదిలో. పెద్ద డాక్టరమ్మ మధ్యలో కూర్చుంది. పక్కన ఆసుపత్రి లాయరు, నర్సుల సూపరింటెండెంటు. కంపెనీ తరపున మేనేజరు వచ్చాడు. సాంకేతిక విషయాలు ఏమైనా అడిగితే చెప్పడానికని పెద్దాయన్నీ చీటీలమ్మనీ వెంటబెట్టుకొచ్చాడు. ఇంత జరిగాక కూడా ఆమె నోరు విప్పుతుందని అతను అనుకోలేదు. వదిన గోడ పక్క కుర్చీలో, ఇస్త్రీ చేసిన యూనిఫారంలో, మడిచిన సంజాయిషీ ఒళ్లో పెట్టుకుని ఉంది. ఆడపడుచుని చూసి, ధైర్యంగా ఉన్నాను అన్నట్టు తలాడించింది. ఆ చిన్న తలాడింపుకి చీటీలమ్మకి ఏడుపు ముంచుకొచ్చింది.

మేనేజరు పచ్చ గ్రాఫు గోడమీద వేసి, తమ వ్యవస్థ ఆ మూడున్నర గంటలూ నిక్షేపంలా నడిచిందని చెప్పాడు. లాయరు రాసుకున్నాడు. అప్పుడు చీటీలమ్మ లేచి, ఒక పది నిమిషాలు ఇస్తే ఒకటి చూపిస్తానంది. మేనేజరు కూర్చోమన్నాడు. డాక్టరమ్మ చూపించమంది.

ఆమె తన ల్యాప్‌టాప్ తెర గోడమీదికి మళ్లించింది. పద్దెనిమిది పచ్చదీపాలు వచ్చాయి. వదిన వార్డు ఫోను సూపరింటెండెంటు దగ్గర సీలు కవర్లో ఉంటే తీయించి, టెస్టు మెషీనుకి జోడించి, బల్ల మధ్యలో పెట్టించింది. తర్వాత గేట్‌వే లైను బిగించేసి, ల్యాబు నుంచి వచ్చినట్టే ఒక అర్జెంటు రిపోర్టు పంపింది. గోడమీద గుమాస్తా వెంటనే రాసుకుంది: పంపబడింది, 11.18.

అందరూ ఫోను వైపు చూశారు. మోగలేదు. గోడ మీద దీపాలు పచ్చగానే ఉన్నాయి. నిమిషం గడిచింది. లాయరు దగ్గాడు. రెండో నిమిషంలో సూపరింటెండెంటు ఫోను ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ దింపింది. వదిన కుర్చీలోంచి లేచి వచ్చి బల్ల పక్కన నిలబడింది. కళ్లు ఫోను మీంచి తిప్పలేదు. ఆరు నిమిషాలు అలాగే. ఆ గదిలో ఆరు నిమిషాలే ఇంత పొడుగైతే, ఆ రోజు రెండు గంటల ఇరవై నిమిషాలు ఆ పెద్దమ్మకి ఎంతసేపో.

చీటీలమ్మ పోస్ట్‌మాన్ని ఆపి లేపింది. ఫోను మోగింది. వదిన ఉలిక్కిపడింది. డాక్టరమ్మ ఫోను తీసి చదివి, గోడ గడియారం చూసింది. గడియారంలో పదకొండు ఇరవై నాలుగు. ఫోన్లో పదకొండు పద్దెనిమిది.

"ఈ మనిషి చెప్పింది నిజమే," అంది డాక్టరమ్మ, వదిన వైపు చూపిస్తూ. లాయరు కలం మూసేశాడు. వదిన ఒళ్లో కాగితం ఎప్పుడో కింద పడిపోయింది. అది తీసుకోవాలని కూడా ఆమెకి తోచలేదు.

అయితే ఈ పలకరింపు ఎవరు మార్చారని డాక్టరమ్మ అడిగింది. చీటీలమ్మ నేనే అంది. అనగానే వదిన ఆమె వైపు తిరిగింది. ముందు ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖంలో దీపాలు ఒక్కొక్కటీ ఆరిపోయాయి. చీటీలమ్మ అదంతా చూసింది. చూడకుండా ఉండాల్సింది. కానీ ఆమె మేనేజరుని చూడలేదు, డాక్టరమ్మని చూడలేదు, వదిననే చూసింది.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. పాపం, ఈ అమ్మాయి ఆ నర్సుకి ఆడపడుచు, వదినని కాపాడుకోవాలని తప్పు తన నెత్తిన వేసుకుంటోందన్నాడు. రికార్డు అంత తేలిగ్గా మారేది కాదన్నాడు. తెర మీద ఆ మార్పు రికార్డు పెట్టాడు. పెద్దాయన పేరు. లాయరు మళ్లీ కలం తెరిచాడు. కాదు, నేనే, ఆ నోటు కూడా నేనే రాశాను అని చీటీలమ్మ రెండుసార్లు అంది. ఎవరూ ఆమె వైపు చూడలేదు. ఎంత నిజం చెప్పినా రికార్డులో తన పేరు లేదు మరి.

డాక్టరమ్మ పెద్దాయన్ని అడిగింది, ఇది మీరు చేసిందేనా అని.

ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. తెర మీద తన పేరు ఆయనకి కనబడిందో లేదో.

"ఆ రోజు నేను ఆఫీసులో లేనమ్మా," అన్నాడు. "కంటి ఇంజెక్షనుకి వెళ్లాను, సెలవు రాయకుండా. చేసింది ఈ అమ్మాయే. పాస్‌వర్డు రాసి కీబోర్డు కింద పెట్టింది నేను. పెట్టమన్నది ఈయన." అంటూ మేనేజరుని చూపించాడు. మేనేజరు కూర్చున్న వైపు కాక, కాస్త పక్కకి చూపించాడు. అయినా అందరికీ అర్థమైంది.

*

వదిన సస్పెన్షన్ ఆ మధ్యాహ్నమే ఎత్తేశారు. కిందికొచ్చాక ఇద్దరికీ ఒకే బస్సు. బస్టాపులో వదిన ఆ చివర నిలబడింది, చీటీలమ్మ ఈ చివర. మధ్యలో ఎవరూ లేరు.

శుక్రవారం కంపెనీ నుంచి రెండు ఉత్తరాలు వెళ్లాయి, ఒకటి ఆమెకి, ఒకటి పెద్దాయనకి. ఇక రానక్కర్లేదని. మేనేజరుకి ఏ ఉత్తరమూ వెళ్లలేదు. పైగా అతని సంతకంతోనే వచ్చాయి రెండూ. ఆమె వెళ్లి కార్డు అప్పజెప్పి, ఒక్క పని చేయనివ్వమని అడిగింది. డాక్టరమ్మ పట్టుబట్టడంతో ఆమెకి ఆ ఒక్కరోజుకి సొంత లాగిన్ ఇచ్చారు. నాలుగు నెలలు కదలని దరఖాస్తు నలభై నిమిషాల్లో కదిలింది. పోస్ట్‌మాన్ పలకరింపు మళ్లీ లోపలిదాకా వెళ్లేలా రాసింది. కింద మొదటిసారి తన పేరు వచ్చింది. గోడమీద అరగంటలో ఒక దీపం ఎర్రబడి, మళ్లీ లేచింది. ఎవరూ తలెత్తి చూడలేదు.

పెద్దాయనకి ఫోను చేసింది. భార్య ఎత్తి, ఆయన పడుకున్నాడని చెప్పి పెట్టేసింది.

ఇంట్లో మాటల్లేవు. వదిన పొద్దున్నే డ్యూటీకి పోతుంది, సాయంత్రం వస్తుంది, వండుతుంది, మూడు కంచాలు పెడుతుంది. తిడితే బాగుండునని చీటీలమ్మకి అనిపించేది. అన్నయ్య ఒకసారి మధ్యలో కల్పించుకోబోతే, వదిన ఆయన్ని ఒక్క చూపు చూసింది. ఆయన వంటింట్లోంచి వెళ్లిపోయాడు. వార్డులో ఆమె ఇప్పుడు ఫోనుని నమ్మడం లేదట. గంటకోసారి మెట్లు దిగి ల్యాబుకి వెళ్లి, రిపోర్టులు స్వయంగా అడిగి వస్తోందట. ఈ సంగతి కూడా అన్నయ్య చెబితేనే తెలిసింది.

చీటీలమ్మ గదిలోంచి రావడం తగ్గించింది. శనివారం తినలేదు. ఆదివారం పొద్దున కూడా లేవలేదు. తలుపు దగ్గరికేసుకుని గోడవైపు తిరిగి పడుకుంది. కళ్లు మూసుకుంటే బల్ల మీద ఫోను, దాని పక్కన వదిన ముఖం. సూదీ దారం పట్టుకున్న పెద్దమ్మ ఎలా ఉండేదో ఆమెకి తెలియదు. తెలియకపోవడం ఇంకా కష్టంగా ఉంది.

సాయంత్రం నాలుగింటికి గేటు చప్పుడైంది. వదిన డ్యూటీ నుంచి వచ్చింది. చెప్పులు విడిచింది, చేతులు కడుక్కుంది. కంచం తీసిన చప్పుడు. తర్వాత అడుగులు ఈ గది తలుపు దగ్గరికొచ్చి ఆగాయి.

"ఉన్నావా?"

నాలుగు రోజుల్లో మొదటి మాట. చీటీలమ్మ గోడవైపు నుంచి తిరగకుండానే, "ఉన్నా," అంది.

అడుగులు వెనక్కి మళ్లలేదు. తలుపు తెరుచుకుంది. వదిన లోపలికొచ్చి మంచం అంచున కూర్చుని, ఆమె చెయ్యి లాక్కుని, మణికట్టు మీద వేళ్లు పెట్టి, తన వాచీ చూసుకుంటూ లెక్కపెట్టింది. నిమిషం నిండాక కూడా చెయ్యి వదల్లేదు. యూనిఫారం చేతి అంచున ఆ కుట్టు, పొట్టి పొట్టి పోగులతో, గట్టిగా, చీటీలమ్మ కళ్లకి ఎదురుగా ఉంది.

"నిన్ను క్షమించానని కాదు," అంది వదిన. "ఆ ముసలామె కూతురు ఇవాళ వార్డుకొచ్చింది. సూదుల డబ్బా మర్చిపోయారట, తీసుకెళ్లడానికి. రేపు నువ్వు నాతో ఆ ఇంటికి వస్తున్నావు. ఏం జరిగిందో ఆ పిల్లకి నువ్వే చెప్పాలి. లే, ముందు తిను. నిలబడాలి కదా అక్కడ."

చీటీలమ్మ లేచి కూర్చుంది.